ఒప్పుకోలు నేర్చుకుందాం – 4వ పాఠం: గట్టు జరిగింది బాబాయ్

ముందు పోయిన పాఠం సంగతి తేల్చుకుందాం. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండన్న యాకోబు 5:16 ఇచ్చి, "ఈ వారం ఒకరి దగ్గర ఒప్పుకోండి" అని ఊరుకున్నాను. ఎవరి దగ్గర, ఎంతవరకు అన్నది చెప్పలేదు. తప్పు నాదే.

ఒక చెల్లెలు గృహ కూడికలో లేచి తన పాపంతో పాటు తోడికోడలి చీటీ డబ్బు గొడవ కూడా బయటపెట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. ఒక తమ్ముడు సంఘం వాట్సాప్ గ్రూపులో "నా వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే క్షమించండి" అని పెట్టి, నాకు ఫోన్ చేసి "ఒప్పేసుకున్నానండి" అన్నాడు. దాని కింద వరసగా దండాలు. ఎవరికి ఏం చేశాడో ఒక్కరికీ తెలీదు.

మొదటిదానికి మందు చిన్నదే. ఎవరికి అన్యాయం చేశారో వాళ్ళ దగ్గర ఒప్పుకోండి. దేవునికీ మీకూ మధ్యే ఉన్నది దేవుని దగ్గరే. పదిమందిలో తిట్టినది పదిమందిలోనే. పక్కవాళ్ళ పాపం మాత్రం ఎక్కడా వద్దు, అది మీ సొత్తు కాదు. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళకి పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం. అక్కడ విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు. 1836లో ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ దొరల సేవతో నరసాపురం, పాలకొల్లు వైపు మొదలైన మన బ్రదరెన్ సంఘాల్లో ఆ ఏర్పాటు లేదు. దాంతో సాక్ష్యాల సమయాన్నే దానికి వాడేస్తున్నాం. నాకది నచ్చదు. మైకు ముందు చెప్పే పాపం ఎప్పుడూ పాతదే అయి ఉంటుంది, గమనించండి.

మన పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడన్న 1 యోహాను 1:9 మీకు కంఠతా వచ్చు, వదిలేస్తున్నాను.

ఇక రెండోది. నాకు ఒళ్ళు మండేది దీని దగ్గరే. "కలిగి ఉంటే" అంటే ఏమిటి? కలిగిందో లేదో ఇంకా తేలలేదనేగా! తేలకపోతే క్షమాపణ దేనికి? అంతకంటే తెలివైనది ఇంకోటుంది. "తప్పు జరిగింది." "మాట వచ్చేసింది." "ఆ డబ్బు వాడకమైపోయింది." "నోరు జారింది." నోరు జారడానికి అక్కడేమైనా బురద ఉందా? మన తెలుగులో చేసినవాడు లేకుండానే పని అయిపోతుంది. పిల్లాడు కూడా "గ్లాసు పగిలింది" అంటాడు గానీ "పగలగొట్టాను" అనడు.

మోషే అన్న అహరోనుదీ ఇదే పద్ధతి. నిర్గమకాండము 32:4లో జనం ఇచ్చిన బంగారాన్ని పనిముట్టుతో చెక్కి దూడ రూపం తెచ్చింది ఆయనే. 24వ వచనానికి వచ్చేసరికి, నిప్పులో వేశాను, ఈ దూడ అయింది అంటాడు మోషేతో. దూడ తనంతట తానే లేచి వచ్చినట్టు! సౌలు రాజు ఇంకో రకం. పాపం చేశానంటూనే జనానికి భయపడ్డానని కారణం తగిలించాడు. దావీదు రాజు నాతాను ప్రవక్తతో అన్నది ఒకటే మాట, పాపం చేశానని. "ఎందుకంటే" లేదు.

నా సంగతి చెబుతాను. పెళ్ళయిన కొత్తలో మా చేనికీ పక్క బాబాయ్ చేనికీ మధ్య గట్టును ఏటా బెత్తెడు చొప్పున అటువైపు చెక్కాను. మూడేళ్ళు, సార్వా దాళ్వా కలిపి ఆరు పంటలు. చివరికి నిద్రపట్టక ఒక పొద్దున్నే వెళ్ళాను. ఆయన బోదె దగ్గర మడవ కడుతున్నాడు. తల దించుకుని "గట్టు కాస్త మీవైపు జరిగింది బాబాయ్" అన్నాను.

ఆయన పార ఆపాడు. "గట్టుకి కాళ్ళొచ్చాయేంట్రా?"

అప్పుడు చెప్పాను, "నేనే చెక్కాను" అని. ఆయన క్షమించాననలేదు. "టేపు తెచ్చావా?" అన్నాడు.

తేలేదు. ఇంటికెళ్ళి తెచ్చాను. సరిహద్దు రాయి దగ్గర నుంచి ఇద్దరం కొలిచి గట్టు వెనక్కి వేశాం. ఆరు పంటల లెక్క కడితే బస్తా కూడా తేలలేదు. అయినా నిండు బస్తాగానే లెక్క కట్టాను. లేవీయకాండము 6:5లో అసలుకి ఐదో వంతు కలిపి ఇమ్మని ఉంది కదా, 75 కేజీలకి ఇంకో 15. సైకిల్ మీద రెండు దఫాలు తోలాను. సువార్తలో సుంకరి జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు, నాకంత గుండె లేదు. బాబాయ్ వడ్లు దింపించుకుని లోపలికెళ్ళిపోయాడు. పిన్ని మాత్రం మజ్జిగ ఇచ్చింది.

మారిపోయారా అని అడుగుతారు. పార పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి అటే లాగుతుంది. అందుకే గట్టు చెక్కే రోజు బాబాయ్ కొడుకుని పిలిచి పక్కన నిలబెట్టుకుంటాను. మీరు కూడా మీ పాపం ఏ పనిముట్టుతో జరిగిందో... చూశారా, నాకూ వచ్చేసింది. ఏ పనిముట్టుతో చేశారో, దాని దగ్గర ఒక మనిషిని పెట్టుకోండి. ఫోనైతే ఫోను, కాటా అయితే కాటా.

అభ్యాసం: క్యాలెండర్ కాగితం వెనక, పెన్సిల్‌తో, ఒకే వాక్యం. "నేను"తో మొదలై "ఆను"తో ముగియాలి. "ఉంటే", "కానీ", "ఎందుకంటే" కనిపిస్తే చెరిపి మళ్ళీ రాయండి. నాకు పదకొండుసార్లు పట్టింది. డబ్బు సంగతైతే ఐదో వంతు లెక్క పక్కనే వేసి, ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రాకముందే చేతికిచ్చి రండి. పొయ్యిలు రెండైన ఇంటి చెల్లెలు ఈ వారం ఏమీ రాయొద్దు. ముందు తోడికోడలి గుమ్మం దాకా వెళ్ళమ్మా, టేపు అక్కర్లేదు.