నోడ్ కాంపోజిటింగ్, 6వ పాఠం: న్యూక్‌లో క్రాప్

న్యూక్ అంటే ఒక్కో పని చేసే నోడ్లను కలుపుతూ వీడియో బొమ్మల్ని కూర్చే కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్. క్రితం పాఠంలో బొమ్మని జరిపే, పెంచే, తగ్గించే ట్రాన్స్‌ఫార్మ్ నోడ్ చూశాం. దాని పక్కనే ఎక్కువగా వాడేది క్రాప్. ఫొటో ఎడిటర్‌లో క్రాప్ చేస్తే అంచులు పోయి బొమ్మ చిన్నదవుతుంది. న్యూక్‌లో ప్రతి బొమ్మకూ రెండు హద్దులుంటాయి. ఫార్మాట్ అంటే ఫ్రేము కొలత. బౌండింగ్ బాక్స్ అంటే న్యూక్ నిజంగా లెక్కకట్టే పిక్సెళ్ల మేర. ఫార్మాట్‌కి తేడాగా ఉన్నప్పుడు వ్యూయర్‌లో చుక్కల గీతగా కనబడుతుంది. క్రాప్ మామూలుగా కోసేది ఈ రెండోదాన్నే.

1920×1080 ప్లేటుని (షూట్ చేసిన అసలు ఫుటేజీని) 2.39 వెడల్పు-ఎత్తు నిష్పత్తికి తెద్దాం. 1920ని 2.39తో భాగిస్తే 803.3 వస్తుంది. 4:2:0 వీడియోకి (రంగు సమాచారాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించి దాచే పద్ధతి) ఎత్తు సరిసంఖ్యగా ఉండాలి కాబట్టి 804 తీసుకుందాం. 1080లో మిగిలేది 276, అందులో సగం 138.

ఫుటేజీని లోపలికి తెచ్చే రీడ్ నోడ్‌ని ఎంచుకుని, ట్యాబ్ కొట్టి, క్రాప్ నోడ్ తెచ్చుకోండి. బాక్స్‌లో ఎక్స్ 0, వై 138, ఆర్ 1920, టీ 942 ఇవ్వండి. కొలత ఎడమ కింది మూల నుంచి మొదలవుతుంది. ఆర్, టీ అనేవి వెడల్పూ ఎత్తూ కావు, కుడి అంచూ పై అంచూ ఉండే చోట్లు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే: టీ దగ్గర 804 వేస్తే ఎత్తు 666 మాత్రమే మిగులుతుంది.

ఇప్పుడు పైనా కిందా నల్లపట్టీలు వచ్చాయి, ఫార్మాట్ మాత్రం 1080 గానే ఉంది. పట్టీల బదులు అంచు పిక్సెళ్లు గీతలుగా సాగి కనబడితే క్రాప్ నోడ్‌లో బ్లాక్ అవుట్‌సైడ్ (బయట నలుపు) టిక్ పోయిందన్నమాట.

పట్టీలు లేకుండా 1920×804 ఫైలే కావాలంటే అదే నోడ్‌లో రీఫార్మాట్ టిక్ పెట్టాలి. అప్పుడు బాక్స్ ఎడమ కింది మూలే కొత్త 0,0 అవుతుంది, బొమ్మ 138 పిక్సెళ్లు కిందికి జరుగుతుంది. దాని తర్వాత పాత రోటో (చేత్తో గీసిన మాస్క్ ఆకారాలు), ట్రాకింగ్ (కదలికని వెంబడించి తీసిన లెక్కలు) తగిలిస్తే అవి అంతమేరా పైకి తప్పుతాయి. అందుకే ఈ క్రాప్‌ని ఫైలు రాసే రైట్ నోడ్‌కి ముందు, చిట్టచివర పెట్టండి.

బొమ్మని మసకబార్చే బ్లర్ నోడ్ కూడా క్రాప్ కంటే ముందే ఉండాలి. లేకపోతే బయటి నలుపు ఫ్రేము అంచుల్లోకి పాకుతుంది.

రెండు ట్రాన్స్‌ఫార్మ్‌ల మధ్య మాత్రం క్రాప్ పెట్టకండి. పక్కపక్కనే ఉంటే న్యూక్ రెంటినీ కలిపి ఒక్కసారే ఫిల్టర్ చేస్తుంది (అంటే పిక్సెళ్లని కొత్త చోట్లకి తిరిగి లెక్కకడుతుంది). మధ్యలో క్రాప్ వస్తే ఆ కలయిక తెగి, రెండుసార్లు ఫిల్టరై వివరం మెత్తబడుతుంది.

అభ్యాసం: ఫ్రేము మధ్య బిందువు ఆధారంగా ఒక ట్రాన్స్‌ఫార్మ్‌లో స్కేల్ 1.25, తర్వాతి దానిలో 0.8 ఇవ్వండి. బొమ్మ మొదటిలాగే ఉంటుంది. ఇప్పుడు మధ్యలో 0, 0, 1920, 1080 క్రాప్ పెట్టండి: 1536×864 బొమ్మ, చుట్టూ నలుపు మిగలాలి.