విశ్వవిద్యాలయ వైద్య ప్రాంగణం నుంచి వెలువడే పరిశోధన ప్రకటనను చదవడం ఎలా?

వైద్య పరిశోధన వార్త ఏదైనా కంటపడినప్పుడు ముందుగా చేయవలసిన పని దాని శీర్షికను పక్కన పెట్టడం. శీర్షిక అబద్ధమని కాదు. దాన్ని రాసినవారు, పరిశోధన చేసినవారు ఒకరు కారు. వైద్య ప్రాంగణంలో ప్రయోగశాల ఒకచోట ఉంటుంది, ప్రచార విభాగం మరొకచోట ఉంటుంది. శాస్త్రవేత్త పది పేజీల్లో ఆచితూచి రాసుకున్న మాట ప్రచార విభాగం గడప దాటేసరికి అరపేజీ ప్రకటన అవుతుంది, విలేఖరి చేతిలో పడి ఆరు మాటల శీర్షిక అవుతుంది. వక్రీకరణ అంతా పత్రికలదేనని అనుకోవడం మనకు అలవాటు. కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలో జరిగి, 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఒక అధ్యయనం చదివాక నా వరకు ఆ అలవాటు పోయింది. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు విడుదల చేసిన 462 ప్రకటనలను వారు మూలపత్రాలతో, అంటే జర్నళ్ళలో అచ్చయిన పరిశోధన వ్యాసాలతో, పక్కపక్కన పెట్టి చూశారు. 40 శాతం ప్రకటనల్లో పత్రంలో లేనంత గట్టి సలహా కనిపించింది. జంతు పరిశోధనల ప్రకటనల్లోనైతే 36 శాతం ఆ ఫలితాన్ని పత్రం చెప్పినదానికి మించి మనుషులకు అంటగట్టాయి. ప్రకటనలోనే ఆ అతిశయోక్తి ఉన్నప్పుడు వార్తల్లో 86 శాతం దాన్ని యథాతథంగా మోశాయి. ప్రకటన నిగ్రహంగా ఉన్నప్పుడు అలా రాసిన వార్తలు 10 శాతమే.

కాబట్టి మూలపత్రం దగ్గరికే వెళ్ళాలి. ప్రకటన చివర జర్నల్ పేరు, పత్రం శీర్షిక, సాధారణంగా డీఓఐ అనే గుర్తింపు సంఖ్య ఉంటాయి. ఆ శీర్షికను పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల వెబ్‌సైట్‌లో వెతికితే సారాంశం ఉచితంగా దొరుకుతుంది, చాలాసార్లు పూర్తి పత్రం కూడా దొరుకుతుంది. డబ్బు కట్టమని అడిగితే, మొదటి పేజీలో ఇచ్చిన రచయిత చిరునామాకు మర్యాదగా రెండు వాక్యాలు రాసి ప్రతిని అడగవచ్చు. తమ పత్రాన్ని ఎవరో చదవాలనుకుంటున్నారంటే సంతోషించే పరిశోధకులే ఎక్కువ. పత్రం పేరే ప్రకటనలో లేకపోతే అది బహుశా సదస్సులో చదివిన సారాంశం అయి ఉంటుంది, లేదా 2019లో మొదలైన మెడ్‌ఆర్‌కైవ్ వంటి చోట పెట్టిన ప్రీప్రింట్, అంటే తోటి నిపుణుల సమీక్ష ఇంకా జరగని ప్రతి, అయి ఉంటుంది. సమీక్ష జరిగినంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చనీ కాదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన, 12 మంది పిల్లలకు సంబంధించిన పత్రం 1998లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకోవడానికి 2010 దాకా పట్టింది. ఉపసంహరణ జరిగిన పత్రాలకు పబ్‌మెడ్‌లో పైభాగంలోనే ఆ ముద్ర ఉంటుంది, ముందు అది చూసుకోవాలి.

పత్రం తెరిచాక మొదటి ప్రశ్న: ఇది ఎవరి మీద జరిగింది? పాత్రలో పెంచిన కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? సారాంశంలో ఇది సూటిగా కనిపించకపోవచ్చు. ‘ఇన్ విట్రో’ అని ఉంటే జీవి శరీరం బయట, గాజు పాత్రలో జరిగినదని అర్థం. ‘మురైన్’ అని ఉంటే ఎలుకలని అర్థం. ఈ రెండో మాట తెలియని రోజుల్లో నేను ఒక మురైన్ పరిశోధన గురించి మధుమేహం ఉన్న బంధువుకు ఉత్సాహంగా చెప్పి, ఆ మందు ఎప్పుడు వస్తుందని ఆయన రెండేళ్ళపాటు అడుగుతుంటే సమాధానం లేక తప్పించుకుని తిరిగాను. జంతువుల ఫలితం మనిషికి ఎంత దూరంలో ఉండగలదో తెలుసుకోవాలంటే 2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే మందుతో జరిగిన తొలిదశ పరీక్ష చాలు. జంతువుల్లో హాని చేయలేదని తేలిన మోతాదులో 500వ వంతు మాత్రమే ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు. కొద్ది గంటల్లోనే ఆరుగురూ అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌కు చేరారు. అందరూ బతికారు, మనుషులకు తొలిసారి మందు ఇచ్చే పద్ధతులను మాత్రం ఆ తరువాత మార్చవలసి వచ్చింది.

మనుషుల మీద జరిగినదైతే రెండో ప్రశ్న: పరిశోధకులు ఊరికే గమనించారా, లేక చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి పరీక్షించారా? ఈ రెండింటి మధ్య తేడాను పట్టుకోలేకపోతే మిగతా చదువంతా వృథా. బీటా కెరోటిన్ ఉన్న కూరగాయలు, పండ్లు ఎక్కువ తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని పరిశీలనలు చాలాకాలం చెబుతూ వచ్చాయి. అది నిజమైన పరిశీలనే. అయితే అలా తినేవారు సాధారణంగా పొగ తక్కువ తాగుతారు, ఆరోగ్యం మీద శ్రద్ధ పెడతారు. ఏ గుణం వల్ల ఏ మేలు కలిగిందో విడదీయడం కష్టం. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులను యాదృచ్ఛికంగా జట్లుగా విడదీసి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూస్తే, ఆ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అందుకే ప్రకటనలో ‘సంబంధం ఉంది’, ‘ముడిపడి ఉంది’ అనే మాటలు కనిపిస్తే, వాటిని ‘దానివల్లే జరిగింది’ అని మనసులో తర్జుమా చేసుకోకుండా ఆపుకోవాలి.

మూడో ప్రశ్నను చాలామంది అడగరు: వారు కొలిచినది ఏమిటి? రోగి బతికాడా, నడవగలిగాడా, నొప్పి తగ్గిందా అన్నవి ఒక రకం కొలతలు. రక్తంలో ఒక అంకె తగ్గింది, స్కానులో మచ్చ చిన్నదైంది అన్నవి మరో రకం. అసలు ఫలితానికి బదులుగా వాడుకునే కొలతలివి. ఈ రెండోదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో కాస్ట్ అనే పరీక్ష 1989లో బయటపెట్టింది. గుండెపోటు వచ్చినవారిలో గుండె లయ తప్పడం హఠాన్మరణాలకు సూచన అని వైద్యులకు తెలుసు; లయను సరిచేసే ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ అనే మందులు ఉన్నాయి; ఈసీజీలో ఆ తప్పుడు స్పందనలు నిజంగానే తగ్గుతున్నాయి. ఇక మరణాలూ తగ్గుతాయని అనుకోవడం సహజం. తీరా లెక్కపెడితే మందు వేసుకున్న 730 మందిలో 56 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 725 మందిలో 22 మంది సగటున 10 నెలల్లో మరణించారు. ఈసీజీ కాగితం బాగుపడింది, మనిషి పోయాడు.

ఇక అంకెలు. ఇక్కడ కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోవాలి. తీసివేత, భాగహారం వస్తే చాలు. 2023లో ప్రచురితమైన సెలెక్ట్ అనే పరీక్షను తీసుకుందాం. బరువు తగ్గడానికి వాడే సెమాగ్లుటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాల ముప్పును 20 శాతం తగ్గించిందన్నది దాని ప్రధాన వార్త. మాట నిజమే. ఇప్పుడు ఆ 20 దేనిలో 20 అని అడగాలి. పత్రంలోని ఫలితాల పట్టికలో ఇలా ఉంటుంది: ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, ఇచ్చిన జట్టులో 8,801 మందికి 701 మంది, మందు జట్టులో 8,803 మందికి 569 మంది ఆ మూడింటిలో ఒకదానికి గురయ్యారు. అంటే 8.0 శాతం, 6.5 శాతం. ఒకదాంట్లోంచి మరొకటి తీసివేస్తే 1.5 వస్తుంది. 100ను 1.5తో భాగిస్తే సుమారు 67 వస్తుంది. సగటున మూడేళ్ళకు పైగా సాగిన ఆ పరీక్షలో ఒక్కరికి ఆ ప్రమాదం తప్పడానికి దాదాపు 67 మందికి మందు ఇవ్వవలసి వచ్చిందన్నమాట. 20 శాతం, 1.5 శాతం, 67లో ఒకరు అన్నవి మూడూ ఒకే నిజానికి మూడు ముఖాలు; ప్రకటనలో మొదటిదే ఎందుకు కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ పట్టిక పక్కనే 0.80 అనీ, దాని వెంట 0.72 నుంచి 0.90 వరకు అనీ రాసి ఉంటుంది. మందు జట్టు ముప్పు ప్లాసిబో జట్టు ముప్పులో ఎన్నో వంతో చెప్పే నిష్పత్తి ఆ 0.80. ఒక్క పరీక్షతో అసలు విలువ కచ్చితంగా తెలియదు కాబట్టి, అది ఉండటానికి అవకాశమున్న పరిధి ఇదని చెబుతున్నారు. 1 అంటే రెండు జట్లకూ తేడా లేదని అర్థం. పరిధి మొత్తం 1కి దిగువనే ఉంటే ఫలితం కాకతాళీయం కాకపోవచ్చు, 1ని దాటి అటూ ఇటూ పరుచుకుని ఉంటే తొందరపడకూడదు. పట్టిక నుంచి ఇంకా కిందికి దిగి దుష్ఫలితాల వరుస చూడాలి: ఇబ్బందుల వల్ల మందు మానేసినవారు సెమాగ్లుటైడ్ జట్టులో 16.6 శాతం, ప్లాసిబో జట్టులో 8.2 శాతం. ఎవరిని చేర్చుకున్నారన్నదీ చదవాలి. వీరందరూ 45 ఏళ్ళు దాటి, అధిక బరువుతో, అప్పటికే గుండె జబ్బు లేదా రక్తనాళాల జబ్బు ఉండి, మధుమేహం లేనివారు. ఈ వర్ణనకు సరిపోని పాఠకుడికి ఆ 67 అనే అంకె వర్తించదు.

కొన్నిసార్లు శాతం ఒక కొలబద్ద మీది తేడాను సూచిస్తుంది, అప్పుడు మరింత జాగ్రత్త అవసరం. లెకానెమాబ్ అనే మందు అల్జీమర్స్ క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసిందని 2022 చివర్లో ప్రపంచమంతా చదివింది. 1,795 మందితో 18 నెలలు సాగిన ఆ పరీక్షలో వాడిన కొలబద్దకు మొత్తం 18 పాయింట్లు. ప్లాసిబో జట్టు 1.66 పాయింట్లు క్షీణించింది, మందు జట్టు 1.21 పాయింట్లు క్షీణించింది, తేడా 0.45. ఆ అర పాయింటుకన్నా తక్కువ తేడా ఇంట్లోవారికి తెలిసివస్తుందా అన్నదాని మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మెదడులో వాపు స్కానులో కనబడినవారు మాత్రం మందు జట్టులో 12.6 శాతం, ప్లాసిబో జట్టులో 1.7 శాతం.

ఫలితాన్ని ముక్కలు చేసి ‘ఆడవారిలో పనిచేసింది’, ‘యాభై దాటినవారిలో పనిచేయలేదు’ అని చెప్పే వాక్యాలు తరచుగా ఎదురవుతాయి. 1988లో ఐసిస్-2 అనే పరీక్ష గుండెపోటు వచ్చిన 17,187 మంది మీద జరిగి ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని స్పష్టంగా చూపింది. దాని రచయితలు కావాలనే రోగులను పుట్టిన రాశుల ప్రకారం విడదీసి చూపించారు: మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు, మిగతా రాశుల వారికి గొప్పగా పనిచేసినట్టు తేలింది! జాతకాలు నమ్మేవారు సంతోషించనక్కరలేదు. గుంపును కావలసినన్ని ముక్కలు చేస్తే ఏదో ఒక ముక్కలో వింత ఫలితం రాక తప్పదని చెప్పడమే వారి ఉద్దేశం. ముక్కలు చేయబోతున్నామని ముందే ప్రకటించారా, ఫలితం చూశాక చేశారా అన్నది తేల్చుకోవడానికి ఒక మార్గముంది. 2005 నుంచి ప్రధాన వైద్య పత్రికలు, రోగులను చేర్చుకోకముందే నమోదు చేయించుకున్న పరీక్షలనే ప్రచురణకు స్వీకరిస్తున్నాయి. సారాంశం చివర ఉండే నమోదు సంఖ్యను క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ వంటి చోట వెతికి, అక్కడ రాసుకున్న ప్రధాన ఫలితమూ పత్రంలో చెప్పిన ప్రధాన ఫలితమూ ఒకటేనా అని పోల్చవచ్చు.

ముందే ప్రకటించిన ముక్క ఎంత విలువైనదో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన రికవరీ పరీక్షలో చూడవచ్చు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు కోవిడ్ మరణాలను తగ్గించిందని 2020 జూన్ 16న ముందు ప్రకటనగానే వచ్చింది, జర్నల్‌లో పత్రం ఒక నెల తరువాత వెలువడింది. ప్రకటన సరైనదే. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం మందు ఇచ్చిన జట్టులో 17.8 శాతం, ఇవ్వని జట్టులో 14.0 శాతం మరణించారు. అక్కడి పరిధి 0.92 నుంచి 1.55 వరకు 1ని దాటి పరుచుకుంది కాబట్టి హాని జరిగిందని తేల్చలేము, మేలు జరిగిందని అసలే అనలేము. ‘స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుంది’ అన్న శీర్షిక మాత్రమే చదివి, కొద్దిపాటి జ్వరానికే ఇంట్లో ఆ మాత్ర మింగినవారు చదవకుండా వదిలేసిన వరుస ఇదే.

డబ్బు ఎవరు పెట్టారన్నది పత్రం చివర ఉంటుంది. మందు తయారుచేసే సంస్థే ఖర్చు భరించిందంటే ఫలితం అబద్ధమని కాదు, పైన చెప్పిన సెలెక్ట్ కూడా అలాంటిదే. నమోదు వివరాలను మరికాస్త ఓపికగా పోల్చడానికి అదొక కారణం, అంతే.

ఇదంతా చదివాక ఒక చిన్న కాగితం మీద నాలుగు వరుసలు రాసుకోవడం నా పద్ధతి: ఎవరి మీద, దేనితో పోల్చి, ఏమి కొలిచి, ఎంతమందిలో ఎంతమందికి. రికవరీకి సంబంధించిన నా కాగితంలో ‘ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులు, మామూలు చికిత్సతో పోల్చి, 28 రోజుల్లో మరణం, మందు ఇచ్చిన 2,104 మందిలో 22.9 శాతం, ఇవ్వని 4,321 మందిలో 25.7 శాతం’ అని ఉంది. సొంత మందుల విషయమైతే మాత్ర మానేయడం, కొత్తది మొదలుపెట్టడం చేయకుండా ఆ కాగితాన్నే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళి, ‘వీరిలో నాలాంటివారు ఉన్నారా?’ అని అడగవచ్చు. కాగితం అడుగున ఒక వరుస ఖాళీగా వదలాలి. ఆరు నెలల తరువాత పబ్‌మెడ్‌లో అదే పత్రాన్ని మళ్ళీ తెరిస్తే, దాన్ని ఉదహరించిన తరువాతి పత్రాల జాబితా కింద కనిపిస్తుంది. వేరొక ప్రాంగణంలో వేరొక జట్టు అదే పరీక్ష చేసి ఉంటే, వారికి వచ్చిన అంకెలను ఆ ఖాళీ వరుసలో రాసుకోవాలి.