చదివింది మెదడులో నిలిచేలా చేయడం ఎలా?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైలు దారిలో వచ్చే ముఖ్యమైన స్టేషన్లను వరుసగా గుర్తుపెట్టుకోవాలనుకుందాం: నెల్లూరు, బిట్రగుంట, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఒంగోలు. ఒకే సాయంత్రం కూర్చుని వల్లెవేస్తే ఆ పూటకు వస్తాయి గానీ, వారం తిరిగేసరికి కొన్ని జారిపోతాయి.

ముందుగా ప్రతి కొత్త పేరునూ మీకు బాగా తెలిసినదానితో జత చేయండి. ఉలవపాడు అనగానే మామిడిపండ్లు, బిట్రగుంట అనగానే పాత ఆవిరి ఇంజన్ల షెడ్డు తలచుకోవచ్చు. ఒక నాడీకణం మరొకదాన్ని పదేపదే ఉత్తేజపరిస్తే వాటి మధ్య బంధం బలపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించాడు. 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేలు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగమైన హిప్పోకాంపస్‌కు వెళ్లే నాడులను కొద్దిసేపు వేగంగా ప్రేరేపించగా, అక్కడి స్పందన గంటల తరబడి పెరిగే ఉంది. అందుకు మూలమైన ఎన్‌ఎండీఏ గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే కణం పైపొరలోని ప్రొటీన్, ఒక తమాషా తలుపు: పక్క కణం వదిలే గ్లుటామేట్ అనే రసాయనం వచ్చి తాకడంతో పాటు, అందుకునే కణం అప్పటికే ఉత్తేజంలో ఉంటేనే దానికి అడ్డుపడిన మెగ్నీషియం తొలగి, కాల్షియం లోపలికి వస్తుంది. అందుకే బలమైన సంకేతంతో కలిసి వచ్చిన బలహీన సంకేతం కూడా బలపడగలదు. స్టేషను పేరుకూ ఈ తలుపుకూ పోలిక కొంత సాగదీసినదేనని ఒప్పుకుంటాను.

తరువాత కాగితం మూసి, చూడకుండా చెప్పండి. తడబడినా వెంటనే తెరవవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకసారి చెప్పుకోవడానికీ మరోసారి చెప్పుకోవడానికీ మధ్య ఇచ్చే ఎడం. కాల్షియం రాకతో రెండు నాడీకణాలు కలిసే సంధి దగ్గర గ్రాహకాలు పెరగడానికి నిమిషాలు చాలు, కానీ ఆ మార్పు రోజుల తరబడి నిలవాలంటే కణం కొత్త ప్రొటీన్లను తయారుచేసుకోవాలి. నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ బృందం అప్లీసియా అనే సముద్రపు నత్తకు శిక్షణను నాలుగు రోజులకు పంచి ఇచ్చినప్పుడు దాని జ్ఞాపకం వారాలపాటు నిలిచింది, కొత్త సంధులు కూడా మొలిచాయి. కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. కాబట్టి ఈ రోజు, రేపు, నాలుగో రోజు, పదో రోజు కొద్దికొద్దిగా చెప్పుకోండి, రాత్రి నిద్రను మాత్రం తగ్గించుకోవద్దు.

సంధులలోని మార్పే జ్ఞాపకమని పూర్తిగా రుజువైందనలేము. అయితే 1986లో రిచర్డ్ మోరిస్ బృందం మందుతో ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకున్నప్పుడు, ఎలుకలు నీటిలో దాచిన తిన్నె ఎక్కడుందో నేర్చుకోవడంలో బాగా వెనుకబడ్డాయి.

చివరగా ఒంగోలు నుంచి నెల్లూరుకు తిరుగుదారిలో చెప్పి చూడండి. ఎక్కడ ఆగిపోతే ఆ రెండు పేర్లనే మళ్లీ జత కట్టండి.