బెలుం గుహలకు బయలుదేరే పాలమూరు వాళ్లకు

సెలవులు వచ్చాయంటే మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు నుంచి బెలుం గుహలకు తూఫాన్ బండ్లు కడతారు. టార్చ్‌లు, టోపీలు, పులిహోర డబ్బాలు అన్నీ సర్దుకుంటారు. లోపలి ఉక్క గురించి మాత్రం ఎవరూ ముందు చెప్పరు. అక్కడ మనుషులు ఇబ్బంది పడేది ఎక్కువగా దానితోనే.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, చదునైన పొలాల కింద 3,229 మీటర్ల పొడవున ఉన్న సున్నపురాయి గుహ అది. సందర్శకులను తిప్పేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు. బావిలాంటి గోతిలోకి మెట్లు దిగి లోపలికి వెళ్లాలి. గొట్టాలతో బయటి గాలిని పంపిస్తున్నా, కొంత దూరం పోయేసరికి కళ్లజోడు మసకబారుతుంది, చొక్కా వీపుకు అంటుకుపోతుంది. చలికాలం కదా అని స్వెటర్‌తో దిగకండి. పలుచని నూలు బట్టలు, పట్టు ఉన్న బూట్లు చాలు. చీర కట్టుకున్నవాళ్లు కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోవాలి. తడి మెట్ల మీద కాలికి అడ్డం పడేది అవే.

గుండె జబ్బు, ఆయాసం, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దిగకపోవడమే మంచిది. "ఇంత దూరం వచ్చి చూడకపోతే ఎట్లా" అని పెద్దవాళ్లను బలవంతం చేయడం మనవాళ్లకు అలవాటు. పైన నీడలో కూర్చోబెట్టి, తోడుగా ఒకరిని ఉంచండి. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. అలాగని బిర్యానీ తిని వెంటనే దిగినా కష్టమే. దిగే ముందే నీళ్లు బాగా తాగాలి.

అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ, 46 మీటర్లు. దిగేటప్పుడు హుషారుగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కడం గురించి ముందే ఆలోచించుకోవాలి. ఎవరికైనా కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఒళ్లు చల్లబడి చెమట పట్టినా గాలి గొట్టం దగ్గర కూర్చోబెట్టి, గైడ్‌కు చెప్పి, తేరుకోగానే బయటికి తీసుకురండి. మిగతాది చూసేసి పోదాం అనుకోవద్దు. ఎంత దూరం లోపలికి పోతే అంత దూరం వెనక్కి నడవాలి.

గైడ్‌ను దాటి ముందుకు పోకండి. లైట్లు లేని పాయల్లోకి ఫొటో కోసం దూరేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు. లోపల ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. కరెంటు పోతే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి. అందుకని మనిషికో చిన్న టార్చ్. చిన్నపిల్లల చేయి వదలొద్దు. ఎత్తుగా ఉన్నవాళ్లు ఇరుకు దారుల్లో పైకప్పు చూసుకుంటూ నడవాలి. సప్తస్వరాల గుహలో రాళ్లను కొడితే గంటలా మోగుతాయని అందరూ తట్టి చూస్తారు. వందల ఏళ్లకు గానీ పెరగని రాయి విరిగితే మళ్లీ రాదు, చేతులు వెనక్కి పెట్టుకోండి.

వానలు గట్టిగా పడిన రోజుల్లో లోపలికి పంపుతున్నారో లేదో కనుక్కున్నాకే బండి తీయండి.

ఒక్క రోజులోనే అలంపురం జోగులాంబ, యాగంటి, బెలుం పెట్టుకోవడం నాకు నచ్చని ప్లాన్. మూడోదైన గుహకు చేరేసరికి సాయంత్రం అవుతుంది, అందరూ అలసిపోయి ఉంటారు, మూసే టైమ్ దగ్గరపడి గబగబా నడుస్తారు. రాత్రి కర్నూలులోనో తాడిపత్రిలోనో ఉండి, పొద్దున తెరవగానే గుహ చూసి, తర్వాత గుళ్లకు వెళ్లడం నయం. బండి నడిపే మనిషిని గుహలో తిప్పితే, బయటికి వచ్చాక గంట సేపైనా పడుకోనివ్వండి. కర్నూలు దాటాక నున్నటి హైవే మీద నిద్ర ఇట్టే పట్టేస్తుంది.