వేసవిలో పారిస్ ప్రయాణం: బస ఖరారు చేసుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో పారిస్ చూడబోయే కుటుంబాలు విమాన టిక్కెట్ల మీద, వీసా కాగితాల మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా బస మీద పెట్టవు. కిటికీలోంచి ఈఫిల్ టవర్, తెల్లటి పరుపు, అందుబాటు ధర ఫొటోలో కనిపిస్తే చాలు, బుకింగ్ అయిపోతుంది. అసలు ఇబ్బందులు మాత్రం ఫొటోకు అందనివి: మెట్లు, ఉక్క, తలుపు తాళం, స్టేషన్ నుంచి గుమ్మం దాకా సామాన్లతో నడవాల్సిన దూరం. పెద్దవాళ్లనో చంటిపిల్లలనో వెంటబెట్టుకుని మే నెలాఖరు నుంచి ఆగస్టు లోపల వెళ్లేవారు డబ్బు కట్టకముందే వీటన్నిటినీ రాతపూర్వకంగా తేల్చుకోవడం చాలా అవసరం.

ముందుగా వేడి సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు తేలిగ్గా తీసుకునేది దాన్నే. విజయవాడలోనో రామగుండంలోనో నలభై అయిదు డిగ్రీలు చూసినవారికి పారిస్‌లో ముప్పై అయిదు ఒక లెక్క కాదనిపిస్తుంది. కానీ మన ఇళ్లలో కనీసం సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది; పారిస్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువ వాటికి ఫ్యానూ ఉండదు, ఏసీ కూడా ఉండదు. పంతొమ్మిదో శతాబ్దంలో కట్టిన ఆరేడు అంతస్తుల భవనాలు అక్కడ వీధివీధినా ఉన్నాయి. వాటిలో చాలావాటి పైకప్పు జింకు రేకు. ఒకప్పుడు పనివాళ్ల కోసం ఆ రేకు కిందే కట్టిన చిన్న గదులు ఇప్పుడు పర్యాటకులకు అద్దెకు దొరుకుతున్నాయి. పగలంతా కాగిన రేకు వేడి రాత్రి కూడా గదిని వదలదు. 2003 ఆగస్టులో వచ్చిన వడగాడ్పులకు ఫ్రాన్సులో దాదాపు 15,000 మంది, ఎక్కువగా వృద్ధులు, చనిపోయారు. పైకప్పుకు ఆనుకుని ఉన్న అంతస్తులో నివసించేవారికి ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలింది. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. కాబట్టి అమ్మానాన్నలను తీసుకెళ్తున్నప్పుడు చిట్టచివరి అంతస్తును, అక్కడినుంచి నగరమంతా ఎంత అందంగా కనిపించినా సరే, వదులుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

హోటలైతే ఏసీ ఉందా అని అడిగి ఊరుకోకూడదు. కొన్ని హోటళ్లలో గాలిని కొద్దిగా చల్లబరిచే ఏర్పాటు మాత్రమే ఉంటుంది, కొన్నిటిలో ఏసీ మొత్తం భవనానికి ఒకేచోట నుంచి నడుస్తుంది కాబట్టి ఎండలు ముందే వచ్చినా యాజమాన్యం దాన్ని వేసేదాకా ఆగవలసిందే. ‘మేము ఉండే తేదీల్లో గదిలోని ఏసీని మేమే వేసుకోవచ్చా?’ అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే ఎన్నో అంతస్తు, దానిపైన ఇంకో అంతస్తు ఉందా, కిటికీలకు బయటివైపు చెక్క తలుపులు ఉన్నాయా, టేబుల్ ఫ్యాన్ ఇస్తారా అన్నవి తెలుసుకోవాలి. ఏసీ లేనిచోట రాత్రి కిటికీలు తెరిచే పడుకోవాలి. అప్పుడు వీధివైపు గదిలో కింద కాఫీ హోటలు బల్లల దగ్గర అర్ధరాత్రి దాకా సాగే మాటలన్నీ వినిపిస్తూ ఉంటాయి. అందుకే భవనం లోపలి పెరటివైపు గది అడగడం మేలు. ముఖ్యంగా జూన్ 21 రాత్రి సంగీతోత్సవం పేరుతో నగరమంతా వీధుల్లోనే వాయిస్తూ పాడుతూ ఉంటుంది. ఆ రోజు దిగేవారికి వీధివైపు గదిలో నిద్ర ఉండదు.

తెరిచిన కిటికీ దగ్గర పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. పాత భవనాల కిటికీలు చాలాచోట్ల నేల దాకా, లేదా మోకాలి ఎత్తు దాకా దిగి ఉంటాయి. అడ్డంగా ఉండేది ఇనుప చువ్వల పిట్టగోడ మాత్రమే. మన ఇళ్లలోలాగా కిటికీకి గ్రిల్లు ఉండదు. నాలుగైదేళ్ల పిల్లలున్నవారు కిటికీ ఫొటోను లోపలివైపు నుంచి తీసి పంపమని యజమానిని అడగాలి, దిగిన వెంటనే కుర్చీలు, పెట్టెలు కిటికీ దగ్గరనుంచి జరిపేయాలి.

ఇక మెట్లు. అక్కడ అంతస్తుల లెక్క మన లెక్కే: నేలమట్టంలో ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్, దానిపైది ఒకటో అంతస్తు. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లు మాత్రం అక్కడి అలవాటు కొద్దీ నాలుగో అంతస్తంటే మూడు వరసల మెట్లే అనుకుంటారు, తీరా చూస్తే నాలుగు వరసలు ఎక్కాలి. లిఫ్టు ఉందని రాసినా నిశ్చింతగా ఉండటానికి లేదు. పాత భవనాల్లో మెట్ల మధ్య సందులో తర్వాతికాలంలో ఇరికించిన లిఫ్టులో ఇద్దరు మనుషులో, ఒక మనిషీ ఒక పెద్ద సూట్‌కేసో పడితే ఎక్కువ. కొన్నిచోట్ల లిఫ్టు ఎక్కాలంటేనే ముందు అరడజను మెట్లు ఎక్కాలి, కొన్నిచోట్ల అది ఆఖరి అంతస్తు దాకా పోదు. యజమానికి పంపే సందేశం ఇంత స్పష్టంగా ఉండాలి: ‘మాతో మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఉన్నారు. రోడ్డు మీది తలుపు నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కవలసి ఉంటుంది?’ ఈ ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పని ఇంటిని వదిలేసి మరొకటి చూసుకోవచ్చు.

మెట్ల బాధ ఇంటితో తీరిపోదు. పారిస్ మెట్రో 1900లో మొదలైంది. పాత లైన్ల స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు, ఒక లైను నుంచి మరో లైనుకు మారడానికి పొడుగాటి సొరంగాలు నడవాలి. 1998లో ప్రారంభమైన 14వ నంబరు లైనులో మాత్రం అన్ని స్టేషన్లకూ లిఫ్టులున్నాయి. 2024 జూన్‌లో దాన్ని ఓర్లీ విమానాశ్రయం దాకా పొడిగించారు. నగరంలోని బస్సుల్లోకి చక్రాల కుర్చీతో కూడా ఎక్కవచ్చు. కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవారు ‘మెట్రోకు రెండు నిమిషాలు’ అన్న మాటకు మురిసిపోకుండా, అది ఏ లైను, బస్సు స్టాపు ఎంత దూరం అని చూడాలి. ఈ లెక్కన పన్నెండో వార్డులోని గార్ ద లియోన్ స్టేషన్ చుట్టుపక్కల ప్రాంతం నాకు ఎక్కువ నచ్చుతుంది: 14వ లైను ఉంది, 1వ లైను ఉంది, పిల్లలను డిస్నీలాండుకు తీసుకెళ్లే ఆర్‌ఈఆర్ (నగరాన్ని శివారుతో కలిపే రైలు) ‘ఎ’ లైను రైలు అక్కడే ఆగుతుంది. టవరుకు నడిచిపోయేంత దగ్గర కాదన్న మాట నిజమే. కానీ టవరు ఒక పూట చూస్తాం, ఇంటికి రోజూ తిరిగి రావాలి.

వార్డుల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. పారిస్‌ను ఇరవై వార్డులుగా విభజించారు. నడిబొడ్డున ఒకటో వార్డు మొదలై నత్తగుల్ల మీది గీతలాగా సవ్యదిశలో తిరుగుతూ ఇరవై దాకా వెళ్తుంది. పిన్‌కోడులో చివరి రెండంకెలే వార్డు సంఖ్య: 75005 అంటే ఐదో వార్డు, 75015 అంటే పదిహేనో వార్డు. పిన్‌కోడు 92, 93, 94తో మొదలైతే ఆ ఇల్లు పారిస్ నగరంలో లేదు, పక్క జిల్లాలో ఉంది. 77 అయితే ఇంకా దూరం, డిస్నీలాండ్ ఉన్నది ఆ జిల్లాలోనే. ప్రకటనలో ‘పారిస్’ అని పెద్ద అక్షరాలతో రాసినా పిన్‌కోడు చూడకుండా నమ్మకూడదు. శివారులో ఉండటం తప్పేమీ కాదు. 2025 జనవరి నుంచి విమానాశ్రయ ప్రయాణాలు మినహా మెట్రో, రైలు టిక్కెట్టు ధర దూరంతో నిమిత్తం లేకుండా ఒక్కటే కావడంతో ఖర్చు కూడా పెద్దగా పెరగదు. కానీ పోనూ రానూ గంటన్నర రైల్లోనే గడిస్తే మధ్యాహ్నం పెద్దవాళ్లను ఒకసారి ఇంటికి తెచ్చి నడుం వాల్చనిచ్చే వీలు ఉండదు, ఎండాకాలంలో ఆ వీలే ముఖ్యం. మామూలు రోజుల్లో మెట్రో రాత్రి ఒంటిగంట దాటాక కొద్దిసేపటికే ఆగిపోతుందని కూడా గుర్తుంచుకోవాలి. విమానాశ్రయం నుంచి అధీకృత ట్యాక్సీలకు ప్రభుత్వం నిర్ణయించిన స్థిరధర ఉంది. 2025లో షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి సేన్ నదికి కుడిగట్టున దిగితే 56 యూరోలు, ఎడమగట్టున దిగితే 65. ఈ ధర పారిస్ నగరం లోపలి చిరునామాలకే వర్తిస్తుంది, శివారుకు వెళ్తే మీటరే.

మొదటిసారి వెళ్లేవారిలో చాలామంది గార్ ద్యు నోర్ స్టేషన్ దగ్గర గది తీసుకుంటారు. విమానాశ్రయం నుంచి వచ్చే రైలు, లండన్ రైలు రెండూ అక్కడికే వస్తాయి. పక్కనే లా షాపెల్ వీధుల్లో శ్రీలంక తమిళుల దుకాణాల్లో కరివేపాకు, చింతపండు, మినప్పప్పు దొరుకుతాయి. ఆ పేటలో వేలాది కుటుంబాలు హాయిగా బతుకుతున్నాయి, దాన్ని చెడ్డపేట అనడం అన్యాయం. అయితే జేబుదొంగలు కొత్తవారి కోసం కాచుకుని ఉండే స్టేషన్లలో అది ఒకటి. అర్ధరాత్రి నాలుగు పెట్టెలతో, నిద్రపోతున్న పిల్లవాడిని భుజాన వేసుకుని, ఫోనులో దారి వెతుక్కుంటూ అక్కడ నడవడం కోరి కష్టం తెచ్చుకోవడమే. కూరలకూ భోజనానికీ పగలు వెళ్లి రావచ్చు. బసకు మాత్రం పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను వార్డుల్లోని నివాస వీధులు కుటుంబాలకు ప్రశాంతంగా ఉంటాయి.

డబ్బు కట్టే దగ్గర మోసాలు జరుగుతాయి. పారిస్‌లో ఇంటిని పర్యాటకులకు అద్దెకిచ్చేవారు నగరపాలక సంస్థ దగ్గర రిజిస్టరు చేసుకుని ఆ నంబరును ప్రకటనలో చూపాలి. సొంతంగా నివసించే ఇంటినైతే 2025 నుంచి ఏడాదికి 90 రోజులకు మించి ఇవ్వకూడదు. నగరం ఇస్తూ వచ్చిన నంబర్లు 751తో మొదలై, ఆ వెంటనే వార్డు సంఖ్య ఉంటుంది. చిరునామా పదిహేనో వార్డుదై నంబరు 75118తో మొదలైతే ఎక్కడో తేడా ఉన్నట్టే. నంబరు లేని ఇల్లు చవకగా దొరికినా తీసుకోకూడదు, అధికారులు మూయిస్తే చివరి నిమిషంలో రోడ్డున పడేది మనమే. సైటు బయట నేరుగా బ్యాంకు ఖాతాకు పంపితే తగ్గిస్తానన్నవారితోనూ, ‘మీ కార్డు ధ్రువీకరణ కాలేదు, ఈ లింకు నొక్కండి’ అని బుకింగ్ తర్వాత వచ్చే సందేశాలతోనూ మాట కలపవద్దు. హోటల్లో దిగేటప్పుడు డిపాజిట్ కోసం కార్డు అడగవచ్చు. ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డును కొన్నిచోట్ల తీసుకోరు, తీసుకుంటే ఆ మొత్తం కొన్ని రోజులు బిగిసిపోతుంది. కుటుంబంలో ఒక క్రెడిట్ కార్డు విడిగా ఉంచుకోవాలి. మనిషికి రాత్రికి ఇంత అని హోటలు స్థాయిని బట్టి వేసే పర్యాటక పన్ను విడిగా ఉంటుంది, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అది లేదు.

వీసాకు చూపే బుకింగులో కుటుంబసభ్యులందరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అక్కడ చదువుకునే పిల్లల దగ్గరో బంధువుల ఇంట్లోనో దిగేవారికి హోటలు బుకింగు బదులు, ఆతిథ్యమిచ్చేవారు తమ ఊరి మునిసిపల్ కార్యాలయం నుంచి తీసుకున్న ఆతిథ్య ధ్రువపత్రం కావాలి; దానికి కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి వీసా అపాయింట్‌మెంటుకు ముందే మొదలుపెట్టాలి. విద్యార్థి వసతిగృహాల్లో బయటివారు రాత్రి ఉండటానికి నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో పిల్లలు ముందే కనుక్కోవాలి.

వంట కోసం అపార్ట్‌మెంట్ తీసుకునేవారికి రెండు మాటలు. పొయ్యి ఇండక్షన్ అయితే ఇంటినుంచి తీసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు దానిమీద పనిచేయదు, అడుగున అయస్కాంతం అంటుకునే పాత్ర కావాలి. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లలో దూరదు, అడాప్టరు తీసుకెళ్లాలి. ఇళ్లలో పొగను పసిగట్టే అలారం తప్పనిసరి, ఎండుమిరపకాయల పోపుకు అది మోగుతుంది. కిటికీ తెరిచి పోపు పెట్టండి. వేడినీళ్లు చిన్న ట్యాంకులోవి కనుక నలుగురూ వరసగా స్నానం చేస్తే ఆఖరివారికి చన్నీళ్లే మిగులుతాయి. దిగగానే పరుపు కుట్ల వెంబడి నల్లటి చుక్కలున్నాయేమో టార్చి వేసి చూడాలి, నల్లుల జాడ అదే. అది చూసేదాకా పెట్టెలు మంచం మీద పెట్టవద్దు.

చివరిగా తలుపు. పారిస్ అపార్ట్‌మెంట్లలో చాలా తలుపులకు బయటివైపు తిప్పే పిడి ఉండదు. తాళం వేయకపోయినా సరే, తలుపు గాలికి మూసుకుంటే తాళంచెవి లేనిదే తెరుచుకోదు. చెత్త పడేయడానికి బనీనుతో బయటికి వచ్చినా తాళంచెవి చేతిలో ఉండాలి. తాళంచెవిని లోపలివైపు రంధ్రంలో వదిలేయకూడదు, అది లోపల ఉంటే బయటినుంచి రెండోది దూరకపోవచ్చు. మెట్ల దగ్గర, పోస్టుడబ్బాల దగ్గర అధికారిక కాగితాల్లా కనిపించే తాళాలవాళ్ల కరపత్రాలు ఉంటాయి. అర్ధరాత్రి వారిని పిలిస్తే వందల యూరోలు గుంజవచ్చు. అలాంటి సమయంలో ముందు ఇంటి యజమానికి ఫోను చేయాలి. బుకింగ్ నాడే యజమాని నంబరు, రాత్రిపూట పలికే మరొకరి నంబరు అడిగి తీసుకోవాలి. వాటితోపాటు వీధి తలుపు కోడు, లోపలి తలుపు కోడు, అంతస్తు, కుడివైపా ఎడమవైపా, అత్యవసరానికి 112, వైద్యసహాయానికి 15 అన్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కరి ఫోనులోనే ఉంచకుండా, ఇంట్లో ప్రతి ఒక్కరి జేబులోనూ ఒక్కొక్క ప్రతి పెట్టండి.