పాత లోగిలి అమ్మకం, నాలుగో పాఠం: రొక్కం బేరం

బ్రోకరు లేకుండా పాత ఇల్లు మనమే అమ్ముకోవడం గురించి ఈ పాఠాలు. మొదటి పాఠంలో వారసులెవరో తేల్చుకున్నాం. రెండోదాంట్లో కాగితాలు పోగేశాం, మూడోదాంట్లో స్థలం కొలిపించాం. ఆ మూడూ చేయకుండా ఇక్కడికి వచ్చినవాళ్లు దయచేసి వెనక్కి వెళ్లండి. ముఖ్యంగా ఆడపిల్లల వాటా తేలనివాళ్లు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, "అక్కకి పెళ్లిలోనే ఇచ్చేశాం" అన్న మాట కొనేవాడి లాయరు దగ్గర చెల్లదు. అక్క వచ్చి సంతకమైనా పెట్టాలి, హక్కు వదులుకుంటున్నట్టు రిజిస్టరు దస్తావేజైనా రాసివ్వాలి.

ఇక ఈ పాఠం. కోనసీమలో గానీ, అటు పాలకొల్లు, నర్సాపురం వైపు గానీ పాత మండువా లోగిలి (మధ్యలో కప్పు లేని వాకిలి ఉన్న పెంకుటిల్లు) అమ్మకానికి ఉందని పొక్కగానే, మొదట గుమ్మం ఎక్కేవాడు దాదాపు ఇదే అంటాడు: "ఇల్లేముందండి, పడగొట్టుకోవాల్సిందే కదా. స్థలం రేటు చూసుకుందాం. రెడీ క్యాషండి, ఆయ్."

ఈ ఒక్క పలకరింపులో మూడు బేరాలు దాగున్నాయి. ఇంటికి విలువ లేదన్నది ఒకటి. స్థలానికి మాత్రమే ధర కడతానన్నది రెండోది. డబ్బు వెంటనే ఇస్తాను కాబట్టి అందులోనూ తగ్గించమన్నది మూడోది. మూడింటికీ ఒకేసారి తలూపితే మీ పని అయిపోయినట్టే. విడదీసి ఒక్కోదానికి జవాబు చెప్పడమే మనం నేర్చుకోవాల్సింది.

మరుసటి వారం అతనే ఒక మేస్త్రీని వెంటబెట్టుకొస్తాడు. మేస్త్రీ గోడ మీద గోటితో గీకి, రాలిన తెల్లటి ఉప్పుపొడి అరచేతిలో పోసుకుని చూపిస్తాడు. "చెమ్మ నడుం దాకా ఎక్కేసిందండి. పెంకు దించాలి, వాసాలు మార్చాలి, ముప్పై అయిదు లక్షలకి తక్కువ కాదు." ఆ ముప్పై అయిదూ స్థలం ధరలోంచి కోయమంటాడు కొనేవాడు. ఇక్కడ ఆగండి. ఇల్లు సున్నా అన్నప్పుడే ఆ చెమ్మా, ఆ వాసాలూ అన్నీ లెక్కలోకి వచ్చేశాయి. పడగొట్టే ఇంటికి మరమ్మతేమిటి? మరమ్మతు చేసుకునేటట్టయితే ఇంటికి విలువ ఉన్నట్టే కదా? ఒకే లోపానికి రెండుసార్లు కోత పెట్టడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పాత ఎత్తు. అతన్ని మర్యాదగా ఒక్కటే అడగండి: "బాబూ, పడగొడతారా, బాగు చేసుకుంటారా?" ఏదో ఒకటి చెప్పేదాకా ధర మాట్లాడకండి.

అతను ఏది చెప్పినా మీ దగ్గర లెక్క సిద్ధంగా ఉండాలి. కాబట్టి రెండు లెక్కలు వేసుకోవాలి. కింద వేసినవి నేర్చుకోవడానికి అనుకున్న అంకెలు మాత్రమే. మీ ఊరి రేటు మీరు కనుక్కోండి.

మొదటిది పడగొట్టే లెక్క. పదిహేను సెంట్ల స్థలం, సెంటు నాలుగు లక్షలు అనుకుంటే అరవై లక్షలు. దీని మీద కలప కూడాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే. పాత లోగిళ్లలో స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు మంచి టేకు అయితే, పాత కలప కొనేవాళ్లు ఘనపుటడుగు చొప్పున రేటు కడతారు. కొలవడం కష్టమేమీ కాదు. పద్నాలుగు అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు, ఆరు అంగుళాల వెడల్పు ఉన్న దూలం తీసుకోండి. అంగుళాల్ని పన్నెండుతో భాగించి మూడూ గుణిస్తే సుమారు 4.67 ఘనపుటడుగులు వస్తుంది. అలా ప్రతి దూలానికీ, స్తంభానికీ వేసి పుస్తకంలో రాసుకోండి.

అయితే దూలం మధ్యలో చూసి మురిసిపోకండి. గోడలోకి దూరే చివరే అసలు సంగతి చెబుతుంది. నిచ్చెనేసుకుని ఎక్కి, సుత్తి పిడితో అక్కడ తట్టండి. గట్టి కలపైతే ఖంగుమంటుంది, చెదపట్టింది డొల్లగా మోగుతుంది. వాన నీళ్లు దిగే మండువా నాలుగు మూలల్లో ఉన్న కలపని ఇంకాస్త అనుమానంగా చూడాలి. పోయిన అడుగులు తీసేసి మిగిలిందే లెక్కలో రాయండి. చెక్కిన తలుపులూ, నగిషీ ఉన్న స్తంభాలూ ఘనపుటడుగుల్లో అమ్మేవి కావు, వాటికి విడిగా ధర అడగాలి. కలపకి ఇద్దరు ముగ్గురి చేత రేటు కట్టించి, కూల్చే కూలీ, రాబిష్ తోలించే ఖర్చు అందులోంచి తీసేయండి. కలప తొమ్మిది లక్షలు, ఖర్చు మూడు అనుకుంటే ఆరు మిగులుతుంది. అరవైకి ఆరు కలిపి అరవై ఆరు. దీని కిందకి దిగేది లేదు.

"పడగొడతానండి, కానీ ఆ వీధి తలుపులు మాత్రం ఉంచెయ్యండి" అని కొనేవాడు అంటే నవ్వుకోండి. అతను ఇంటికి సున్నా కట్టలేదని తేలిపోయింది.

రెండోది నిలబెట్టే లెక్క. అలాంటి లోగిలే బాగుచేసి ఉంటే మీ చుట్టుపక్కల ఎంతకి పోతుందో చూసుకోండి. కోటీ పది లక్షలనుకుందాం. మరమ్మతు ముప్పై అయిదు తీసేస్తే డెబ్భై అయిదు. ఆ పని నెత్తినేసుకుని ఏడాది తిరిగేవాడికి శ్రమకీ రిస్కుకీ ఒక అయిదు వదలండి. డెబ్భై. దిండి వైపు రిసార్టులు చూసి హోమ్‌స్టే ఆలోచనతో వచ్చేవాళ్లూ, తాతల ఇంటి మీద మమకారంతో విదేశాల నుంచి వాకబు చేసేవాళ్లూ ఈ లెక్కకి సరిపోయే మనుషులు. మీ బేరం అరవై ఆరుకీ డెబ్భైకీ మధ్య నడవాలి.

ధరకి ఇంకో కింది హద్దు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన మార్కెట్ విలువ చూసుకోండి. అది మీరు అమ్మిన ధర కంటే పది శాతానికి మించి ఎక్కువైతే, ఆదాయపు పన్ను వాళ్లు ఆ సర్కారు విలువకే మీరు అమ్మినట్టు లెక్కేస్తారు. చేతికి రాని డబ్బుకి పన్ను కట్టాల్సి వస్తుంది.

అమ్మేముందు బాగు చేయించాలా అని చాలామంది అడుగుతున్నారు. వద్దు. రంగులు అసలే వద్దు. ఉప్పెక్కిన గోడ మీద కొత్త రంగు ఒక్క వానాకాలం కూడా నిలవదు, పొక్కులు లేచి ఊడుతుంది. చూసేవాడికి ఏదో దాస్తున్నారన్న అనుమానం మిగులుతుంది. జారిన పెంకులు సర్దించి కారడం ఆపండి. పెరట్లో తుప్పలు కొట్టించండి, పాముల భయంతో సగం మంది వెనక్కి పోకుండా. కరెంటు కనెక్షన్ కట్ కానివ్వకండి. అంతే.

లోపాలు దాచకండి. ఈ డెల్టాలో తెలిసినవాడెవడైనా అడిగే మొదటి ప్రశ్న "86 వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?" అనే. గోడ మీద ఆ గీత ఉంటే మీరే చూపించండి. 1996 నవంబరు తుఫానుకి పైకప్పు లేచిపోయి మళ్లీ వేయించి ఉంటే అదీ చెప్పండి. కొనేవాడు మామూలుగా చూసి పట్టుకోలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం చెప్పి తీరాలి. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మితిమి" అని రాసుకున్నా, తెలిసి దాచినదానికి అది పూర్తి రక్షణ కాదు. అందుకే లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, అగ్రిమెంటుకి జతచేసి, కొనేవాడి సంతకం తీసుకోండి. అది మీకే రక్ష.

ఇప్పుడు "రెడీ క్యాష్" దగ్గరికొద్దాం. ఈ మాటని రెండు రకాలుగా వాడతారు. బ్యాంకు లోను అక్కర్లేకుండా మొత్తం ఒకేసారి కట్టేవాడు ఒకడు. సంచీలో నోట్లు తెచ్చేవాడు ఇంకొకడు. మనకి కావాల్సింది మొదటివాడు.

మొదటివాడికైనా ఎంత తగ్గించాలి? వడ్డీ లెక్కే చూడండి. లోను మీద కొనేవాడికి మూడు నెలలు ఆలస్యమవుతుందనుకుంటే, డెబ్భై లక్షల మీద ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున మూడు నెలల వడ్డీ లక్షా నలభై వేలు. మనశ్శాంతికి ఇంకొంచెం కలిపి రెండు లక్షలు తగ్గించండి. "క్యాష్ కదండీ, పది తగ్గించండి" అంటే తొందరేమీ లేదని చెప్పండి. పైగా గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న స్థలంలో), పాత దస్తావేజు లేకుండా ఇంటిపన్ను రసీదులతో ఉన్న ఇంటికి బ్యాంకు లోను రావడం ఎలాగూ కష్టం. అలాంటి ఇంటికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సొంత డబ్బుతో కొనేవాళ్లే. అది అతను మీకు చేస్తున్న ఉపకారమేమీ కాదు.

రెండోవాడి విషయంలో మొహమాటం వద్దు. స్థిరాస్తి అమ్మకం కింద ఇరవై వేలు, అంతకు మించి నోట్ల రూపంలో పుచ్చుకోకూడదు. అడ్వాన్సుకీ ఇదే వర్తిస్తుంది. పుచ్చుకుంటే ఎంత పుచ్చుకున్నారో అంతా జరిమానా కింద కట్టాల్సి రావచ్చు, అదీ తీసుకున్న మీ మీదే పడుతుంది. "సగం వైటు, సగం బ్లాకు" అన్నవాడు తన స్టాంపు డ్యూటీ మిగుల్చుకుంటున్నాడు, టెన్షన్ మీకు ఇస్తున్నాడు.

అడ్వాన్సు చెక్కుగానో, ఆర్‌టీజీఎస్‌గానో తీసుకోండి. అగ్రిమెంటులో గడువు తేదీ, ఆ తేదీకి డబ్బు రాకపోతే అడ్వాన్సు ఏమవుతుందో, కలపా తలుపులూ ఎవరివో స్పష్టంగా రాయించండి. శూన్యమాసం దాటాక రిజిస్ట్రేషన్ పెట్టుకుందామంటే ఒప్పుకోండి, మన వైపు అది మామూలే. కానీ "మంచిరోజు చూసి" అని రాయనివ్వకండి, తేదీ వేయించండి.

వారసులు నలుగురుంటే నలుగురి ఖాతాల్లోకీ ఎవరి వాటా వాళ్లకి విడిగా పడాలి. పెద్దన్నయ్య ఖాతాలో వేసి తర్వాత పంచుకుందామంటే పన్ను దగ్గరా, తోబుట్టువుల దగ్గరా రెండు తలనొప్పులు. మొత్తం ధర యాభై లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు ఒక శాతం టీడీఎస్ (మీ పన్ను కింద ముందే కోసేది) పట్టి కట్టాలి. ఒక్కొక్కరి వాటా పదిహేడున్నర లక్షలే అయినా సరే, మొత్తమే చూస్తారు. వారసుల్లో ఎవరైనా ఎన్నారై అయితే వాళ్ల వాటా మీద కోత చాలా ఎక్కువ ఉంటుంది. ఆ సంగతి అగ్రిమెంటుకి ముందే చెప్పండి, రిజిస్ట్రారాఫీసు వరండాలో కాదు.

బ్రోకరు లేకుండా అమ్ముతున్నాం కాబట్టి ఆ ఒకటో రెండో శాతం మీకు మిగులుతుంది. అందులో కొంత మంచి లాయరుకి పెట్టండి. దస్తావేజు రాసేవాడి మీద వదిలేయకండి.

వచ్చే పాఠం రిజిస్ట్రేషన్ రోజు గురించి: డీడీ అసలుదో కాదో సంతకానికి ముందే ఎలా చూసుకోవాలి, తాళాలు ఎప్పుడివ్వాలి. ఈలోగా పై రెండు లెక్కలూ మీ ఇంటికి వేసి, రెండు అంకెలూ తోబుట్టువులందరికీ పంపండి. అందరూ ఒప్పుకున్న కింది అంకె చేతికి వచ్చేదాకా ఎవరికీ ఇల్లు చూపించకండి. 2001 ఏప్రిల్ 1 నాటికి ఇంటి విలువ ఎంతో రిజిస్టర్డ్ వాల్యూయర్ చేత రాయించుకోవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. లాభం మీద పన్ను లెక్కకి అది కావాలి, ఇల్లు కూలగొట్టాక వచ్చి చూడటానికి ఆయనకి ఏమీ ఉండదు.