వాయునాళంలో ఇన్ఫెక్షన్: దగ్గు కన్నా ఊపిరి శబ్దమే ముఖ్యం

సమస్య: పొడి దగ్గు, బొంగురు గొంతు, దగ్గినప్పుడల్లా రొమ్ము ఎముక వెనక మంట.

పెద్దవారిలో దీనికి కారణం చాలావరకు జలుబు తెచ్చే వైరస్సులే. జ్వరానికి పారాసెటమాల్, తగినంత ద్రవాలు, విశ్రాంతి సరిపోతాయి. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగవచ్చు. కఫం పచ్చబడిందన్న ఒక్క కారణంతో యాంటీబయాటిక్ మొదలుపెట్టనక్కరలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి వాంతితో ముగుస్తుంటే కోరింత దగ్గేమో చూపించుకోవాలి.

సమస్య: పసిపిల్లలకు రాత్రివేళ కుక్క మొరిగినట్టు దగ్గు.

ఇది సాధారణంగా క్రూప్. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ; తరచుగా పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వస్తుంది. స్వరతంత్రుల కింద నాళం వాస్తుంది. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే మిగిలేది సగం వెడల్పే కనుక, పెద్దవారు గమనించనైనా గమనించని వాపు బిడ్డకు ఊపిరి ఆడకుండా చేస్తుంది.

దగ్గు ఎంత భయపెట్టినా, తీవ్రతను దానితో కొలవకూడదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా తీసి చూడాలి: ఊపిరి పీల్చేటప్పుడు గరగరమని కూత వస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏడుపు ఇబ్బందిని పెంచుతుంది కాబట్టి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. ఆవిరి పట్టడం వల్ల మేలు రుజువు కాలేదు, కాలే ప్రమాదం మాత్రం ఉంది. వైద్యులు నోటి ద్వారా ఒక్క మోతాదు డెక్సామెథసోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఇస్తారు. తీవ్రమైతే నెబ్యులైజర్‌తో అడ్రినలిన్ ఇస్తారు. దాని ప్రభావం సుమారు రెండు గంటల్లో తగ్గిపోతుంది గనుక, తేరుకున్నట్టు కనిపించగానే ఇంటికి బయలుదేరకూడదు.

సమస్య: క్రూప్‌లా మొదలై, జ్వరం పెరిగి, అడ్రినలిన్‌కూ లొంగకపోవడం.

ఇది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావచ్చు. తరచుగా స్టెఫిలోకాకస్ ఆరియస్. చిక్కటి చీము పొరలు నాళాన్ని మూసేస్తాయి. ఐసీయూలో చేర్చి, అవసరమైతే గొట్టం వేసి, చీమును లాగేస్తూ, నరానికి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. ఇక్కడ ఆ మందు తప్పనిసరి.

చొల్లు కారుతూ, మింగలేక, ముందుకు వంగి కూర్చుంటే అది నాలుక మొదలు వెనక ఉండే ఉపజిహ్వికకు (ఎపిగ్లాటిస్) వచ్చిన వాపు కావచ్చు. చెంచాతో గొంతు నొక్కి చూడవద్దు. జ్వరమే లేకుండా, తింటూనో ఆడుకుంటూనో హఠాత్తుగా కూత మొదలైతే, ఏదో వస్తువు లోపల ఇరుక్కుందని అనుమానించి అత్యవసర చికిత్సకు తరలించాలి.